కొట్టి కోయు కత్తులు: రాతినేలపై కోతయంత్రముల కథ

కొడవలితో గడ్డి కోయు మనిషిని కొంచెముసేపు గమనించి చూడుడు. కోయునది కుడిచేయి అని మనము అనుకొందుము. కాని ఎడమచేయి గడ్డిదుబ్బును పిడికిట బిగించి పట్టనిదే, కొడవలి ఎంత పదునుగా ఉన్నను పని సాగదు. గడ్డి వంగి తప్పుకొనును. కోతకు కత్తితోపాటు, కోయబడు వస్తువు కదలకుండ నిలుచుటకు ఒక ఆధారము కూడ కావలెను. గడ్డికోత యంత్రముల చరిత్ర చాలవరకు ఆ ఎడమచేతికి బదులుగా ఏమి పెట్టవలెనన్న ప్రశ్న చుట్టును తిరిగినది. నేల చదునుగా ఉన్నచోట ఈ ప్రశ్న సులభముగానే తీరినది. రాళ్లు, మొద్దులు, గుంటలు ఉన్న నేలపై తీరుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది.

మొదట దొరికిన ఉపాయము కత్తెర. 1828లో స్కాట్లండులో పాట్రిక్ బెల్ అను యువకుడు, మతవిద్య చదువుకొనుచున్నవాడు, గుఱ్ఱములు వెనుకనుండి నెట్టు కోతయంత్రమును నడిపి చూపెను. అందులో కత్తెరల వరుస కలదు. దానికి అతడు పేటెంటు తీసికొనలేదు. అమెరికాలో ఓబెడ్ హస్సీ 1833లోను, సైరస్ మెకార్మిక్ 1834లోను తమ తమ యంత్రములకు పేటెంట్లు పొందిరి. వీరిలో మెకార్మిక్ పేరు లోకమున మిక్కిలి ప్రసిద్ధమైనది గాని, కత్తి విషయములో నిలిచినది హస్సీ పద్ధతి. అతని యంత్రములో త్రికోణాకారపు చిన్న ఉక్కురేకులు ఒక పొడవైన పట్టెకు వరుసగా రివెట్లతో బిగింపబడి యుండెను. పట్టె ఇటునటు వేగముగా ఆడుచుండగా, ముందునకు సాచిన ఇనుపవ్రేళ్ల నడుమ చిక్కిన కాడలను ఆ రేకులు కోయును. ఆ ఇనుపవ్రేళ్లే ఇచట ఎడమచేయి. ఒక రేకు విరిగినచో పట్టె మొత్తమును పారవేయ నక్కరలేదు. రివెట్టు ఊడగొట్టి ఆ ఒక్క రేకును మార్చుకొనవచ్చును. కోతయంత్రములలో మార్పిడి కత్తి అను భావము బలపడినది ఇచటనే.

ఇంగ్లండులో 1830లో ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు తీసికొన్న పచ్చికకోత యంత్రము పుట్టుక మరింత వింతయైనది. అతడు స్ట్రౌడ్ పట్టణమునకు దగ్గరనున్న త్రప్ అను ఊరివాడు. ఆ ప్రాంతము ఉన్నిబట్టల మిల్లులకు పేరుపొందినది. బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రమును చూచి, నేలపై నూగువంటిదే గదా పచ్చిక అని అతనికి తోచినది. మరచుట్టువలె మెలితిరిగిన కత్తులుగల ఒక స్తంభాకారపు చట్రము, దాని క్రింద కదలని మరియొక కత్తి, ఇంతే ఆ నిర్మాణము. తొలి యంత్రము 19 అంగుళముల వెడల్పు కోసెడిది. తోటలకు, ఆటస్థలములకు అది వరమైనది. కాని కదలు కత్తికిని కదలని కత్తికిని నడుమ ఎడము కాగితపు మందమంత మాత్రమే. అందులో ఒక గులకరాయి పడినచో రెండు కత్తులును చెడును. హస్సీ పట్టెకును ఇదే తిప్పలు: రేకు ఒరిగిపోవును, వ్రేలు వంగును, పట్టె బిగుసుకొనును.

కత్తెర ఉన్నంతవరకు ఈ తిప్పలు తప్పవు. అందుచేత ఎడమచేయి లేకుండనే కోయు మార్గము వెదకవలసి వచ్చినది.

ఆ మార్గము ఐరోపా రైతులకు చాలకాలము నుండియే తెలిసినది. వారు నిలువెత్తు పిడిగల పెద్ద వంపుకత్తిని రెండుచేతులతో పట్టి, నేలకు సమాంతరముగా విసరి గడ్డి కోసెడివారు. గడ్డిని పట్టు చేయి అచట లేదు. మరి గడ్డి ఏల వంగి తప్పుకొనదు? వంగుటకు తగిన వ్యవధి దానికి లేదు గనుక. నిశ్చలముగా ఉన్న వస్తువు నిశ్చలముగానే ఉండగోరును. ఆ జడత్వమే దానికి ఆధారమగును. తెల్లవారుజామున మంచు ఆరకముందే ఆ కోత సాగించుట వారి అలవాటు. మంచునీటితో బరువెక్కి, లోపల నీరు నిండి నిటారుగా నిలిచిన గడ్డి ఎండిన గడ్డికంటె సులభముగా తెగును. తరగతిలో దీనిని చూపుటకు క్యారమ్ బిళ్లలు చాలును. ఎనిమిది బిళ్లలను దొంతిగా పేర్చి, అడుగు బిళ్లను స్ట్రైకరుతో గట్టిగా కొట్టినచో అది ఒక్కటియే ఎగిరిపోవును. మెల్లగా నెట్టినచో దొంతి అంతయు జరుగును లేదా కూలును.

కావున కత్తి వేగము పెంచినచో పదును కొంత తగ్గినను కోత జరుగును. పదునైన కత్తికి సెకనుకు ఇరువది మీటర్ల వేగము దాదాపుగా చాలును. మొద్దుబారిన కొలది మరింత వేగము కావలెను. మనిషి చేయి ఇవ్వలేని ఈ వేగమును ట్రాక్టరు ఇంజను ఇవ్వగలదు. అయితే ఒక చిక్కు వచ్చినది. అంత వేగముతో తిరుగు కత్తి ఇరుసుకు గట్టిగా బిగింపబడి యున్నయెడల, రాయికి తగిలినప్పుడు ఇరుసులోని శక్తి అంతయు ఆ ఒక్క తాకుడులో బయటపడును. కత్తియో, ఇరుసో, పళ్లచక్రములో ఏదో ఒకటి విరుగక తప్పదు.

దీనికి జవాబు నూర్పిడి కళ్లములో ఉన్నది. ఐరోపాలో ధాన్యము నూర్చుటకు రెండు కర్రలను తోలుపట్టెతో కలిపికట్టి, ఒక కర్రను చేత పట్టుకొని రెండవదానిని విసరి కొట్టెడివారు. మన కళ్లములలో పశువులచేత తొక్కించుట వాడుక గనుక ఈ పనిముట్టు మనకు అంతగా పరిచయము లేదు. దాని సొగసు ఆ తోలుకీలులో ఉన్నది: దెబ్బ ధాన్యమునకు తగులును గాని చేతికి అదరు రాదు. పందొమ్మిదవ శతాబ్దము చివర రాళ్లు, ధాన్యము పగులగొట్టు మిల్లులలో ఇరుసుకు సుత్తులను కీలుతో వ్రేలాడదీయు పద్ధతి వచ్చినది. 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున సెల్మా పట్టణములో స్థాపితమైన బుష్‌హాగ్ సంస్థ పొదలు నరకు యంత్రములో నేలకు సమాంతరముగా తిరుగు కత్తులను కీళ్లపై అమర్చెను. ఇరుసును అడ్డముగా పరుండబెట్టి, దాని పొడవున డజన్ల కొలది చిన్న కత్తులను వ్రేలాడదీయు యంత్రములు కూడ ఆ దశకములోనే పశుగ్రాసపు కోతకును, రోడ్ల ప్రక్కల గడ్డికోతకును వ్యాపించినవి. ఇంగ్లీషువారు దీనికి నూర్పిడికర్ర పేరే పెట్టి ఫ్లెయిల్ మోవరు అనిరి. మనము ఊగుకత్తుల కోతయంత్రము అనుకొందము.

యుద్ధభూమిలో ఊగు గొలుసులు

ఇదే సమస్యను కొంచెము ముందుగా, మరింత భయంకరమైన నేలపై, సైనికులు ఎదుర్కొనిరి. రెండవ ప్రపంచయుద్ధములో ఉత్తరాఫ్రికా ఎడారియందు పాతిపెట్టిన మందుపాతరలను తొలగించుట ఎట్లు? దక్షిణాఫ్రికా సైన్యమునకు చెందిన అబ్రహాం డు టోయిట్ అను అధికారి, టాంకుకు ముందు ఒక ఇరుసును అమర్చి, దానికి గొలుసులు కట్టి, తిరుగుచు నేలను బాదునట్లు చేయవచ్చునని సూచించెను. 1942 అక్టోబరులో ఎల్ అలమేన్ యుద్ధమునాటికి మటిల్డా టాంకులపై ఇది సిద్ధమైనది. పేరు స్కార్పియన్, అనగా తేలు. గొలుసుల ఇరుసు తిప్పుటకు టాంకు ప్రక్కన వేరొక ఇంజను, దానిని నడుపుటకు ఆ ప్రక్క పెట్టెలోనే ఒక మనిషి. ఆ వేడిలో, ఆ ధూళిలో అతడు పడిన పాట్లు ఊహింపవలసినదే.

1944 జూన్ 6న నార్మండీ తీరమున దిగిన షెర్మన్ క్రాబ్ టాంకు దీనికి మెరుగైన రూపము. ఇందులో 43 గొలుసులు నిమిషమునకు 142 చుట్లు తిరుగుచు నేలను కొట్టెడివి. టాంకు ఇంజనే వాటిని త్రిప్పును. పాతర పేలినప్పుడు ఒకటి రెండు గొలుసులు తెగిపోవును, టాంకు ఆగదు, తరువాత క్రొత్త గొలుసులు తగిలించుకొనవచ్చును. చెడుటకే నియమింపబడిన చౌకభాగము చెడి, విలువైన భాగమును కాపాడుట అను ఈ సూత్రమును విద్యార్థులు ఫ్యూజు తీగలో చూచియే యుందురు.

నా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. మొదటి క్రాబ్ టాంకులలో ఇరుసు ఎత్తు నేల మిట్టపల్లములను బట్టి తనంతట మారెడిది కాదు. పల్లము వచ్చినచోట గొలుసులు నేలకు అందక, అచటి పాతర తప్పించుకొనెడిది. రెండవ రకములో ఇరుసును మోయు చేతులకు వెనుక ప్రతిభారము కట్టిరి. దానితో ఇరుసు త్రాసుకాడవలె తేలుచు, నేల దిగినప్పుడు తానును దిగెడిది. నేటి కోతయంత్రమునకు వెనుకనుండు రోలరు చేయు పని ఇదియే. కోతయంత్రము టాంకునుండి పుట్టినదని నేను చెప్పుటలేదు. ఒకే చిక్కు రెండుచోట్ల ఎదురైనప్పుడు జవాబులును దగ్గరగానే వచ్చినవి.

కత్తి ఎంత బలముతో లాగును?

ఒక చిన్న లెక్క చేయుదము. ఒక కిలో బరువుగల సుత్తికత్తి ఇరుసు కేంద్రమునుండి 20 సెంటీమీటర్ల దూరమున ద్రవ్యరాశి కేంద్రము గలదై, నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. కోణీయవేగము సెకనుకు సుమారు 209 రేడియనులు. దాని వర్గమును 0.2తో గుణించినచో త్వరణము సుమారు 8,770 వచ్చును. అనగా కత్తి తన బోల్టును 8,770 న్యూటనుల బలముతో లాగుచున్నది. ఇది దాదాపు 9 క్వింటాళ్ల బరువు. ఒక కిలో ఇనుపముక్క తొమ్మిది క్వింటాళ్ల బరువుతో వ్రేలాడుచున్నదన్నమాట. కత్తికొన 25 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో దాని వేగము సెకనుకు 52 మీటర్లు, గంటకు 188 కిలోమీటర్లు.

కీలుపై వదులుగా వ్రేలాడు కత్తి, మొండిగా బిగించినదానివలె గడ్డిని ఏల కోయగలదో ఈ లెక్కయే చెప్పును. ఆ తొమ్మిది క్వింటాళ్ల లాగుడే కత్తిని నిటారుగా నిలుపును. గడ్డి తాకుడు దానిముందు లెక్కలోనిది కాదు. రాయి తగిలినప్పుడు మాత్రము కత్తి వెనుకకు మడుగును. రాయికి తగులునది ఆ ఒక్క కత్తి ద్రవ్యరాశియే గాని ఇరుసు మొత్తము కాదు. రాయి దాటగానే కత్తి మరల తన స్థానమునకు వచ్చును. వేగము తగ్గినచో లాగుడు ఆ వేగము వర్గమును బట్టి తగ్గును. సగము వేగమున నాలుగవవంతు లాగుడే మిగులును. కత్తులు మడుగుచు గడ్డిని కోయుటకు బదులు చీల్చును. ఇంజను నెమ్మదిగా నడిపి డీసెలు ఆదా చేయుదమనుకొను డ్రైవరుకు ఇది తెలియజెప్పవలసిన విషయము.

ఇదే లెక్కలో అపాయము కూడ ఉన్నది. ఎదురెదురు కత్తులలో 100 గ్రాముల తేడా ఉన్నచో సుమారు 90 కిలోల బలము సెకనుకు 33 సార్లు దిక్కు మార్చుచు ఇరుసును ఊపును. బేరింగులు ఎంతకాలము నిలుచును? అందుచేతనే అరిగిన కత్తుల నడుమ ఒక్క క్రొత్త కత్తిని బిగింపరాదు. ఒకటి విరిగినచో దాని ఎదుటిదానిని కూడ మార్చవలెను.

ఏ కత్తి, ఏ నేలకు?

నేడు దొరకు కత్తులలో ప్రధానమైనవి రెండు. మొదటిది, వంచిన రెండు ఉక్కుపట్టెలను వీపువీపు చేర్చి ఒకే బోల్టుకు తగిలించినది. తలక్రిందులైన ఇంగ్లీషు అక్షరము వై వలె కనబడును. తేలికయైనది, సన్నని అంచు గలది, ఇంజనుకు భారము తక్కువ. రెండవది సుత్తికత్తి: కాల్చి సాగగొట్టి చేసిన వెడల్పాటి బరువుముక్క. ఇది ఫంకారెక్కవలె గాలిని లాగి, పడిన గడ్డిని లేపి కొట్టును. గట్టికాడలను కోయుటకంటె నలుగగొట్టును. దీనికి ఎక్కువ శక్తి కావలెను.

రాతినేలకు సుత్తికత్తియే మేలని సాధారణముగా చెప్పుదురు. ఇది సగము మాత్రమే నిజమని నా అభిప్రాయము. సుత్తి త్వరగా చెడదన్న మాట నిజమే. కాని బరువైన కత్తి రాయికి ఇచ్చు శక్తియు ఎక్కువ, ఇరుసుకు ఇచ్చు అదరును ఎక్కువ. కత్తి ఎన్నిక మొక్కను బట్టి జరుగవలెను: బొటనవ్రేలి లావుకు మించిన కట్టెపొదలు ఎక్కువగా ఉన్నచో సుత్తి, గడ్డియు మెత్తని పొదలును అయినచో వై కత్తి. రాళ్ల సంగతి కోత ఎత్తుతో చూచుకొనవలెను. రోలరును దించి ఇరుసును నాలుగు వ్రేళ్లు ఎత్తినచో రాళ్లలో పెక్కు తప్పిపోవును. కొన్ని యంత్రములలో బోల్టుకును కత్తికిని నడుమ డి ఆకారపు కొండి ఉండును. కత్తి వెనుకకే గాక ప్రక్కకును ఊగగలదు గనుక ఎగుడుదిగుడు నేలలో ఇది ఉపకారమే. ఒక ఇరుసుకు వై కత్తులు తీసి సుత్తులు బిగించునప్పుడు మాత్రము ఆ ఇరుసు అంత బరువుకు చేయబడినదో కాదో యంత్రముతో వచ్చిన పుస్తకములో చూడనిదే ముందుకు పోరాదు.

ఇక ఉక్కు సంగతి. గట్టిదనము పెంచినకొలది పెళుసుదనము పెరుగుట లోహకారులను వెంటాడిన పాతచిక్కు. 1803లో ఇంగ్లండులో రాబర్ట్ రాన్సమ్ నాగలికర్రుకు ఒక చక్కని ఉపాయము కనుగొనెను. పోతయినుప కర్రు అడుగుభాగమును త్వరగా చల్లార్చి గట్టిపరచి, పైభాగమును మెల్లగా ఆరనిచ్చెను. మెత్తని పైభాగము ముందుగా అరుగుచుండుటచే క్రింది గట్టి అంచు ఎప్పుడును పదునుగానే నిలిచెడిది. 1882లో షెఫీల్డు నగరమున రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ సుమారు 12 శాతము మాంగనీసు కలిపిన ఉక్కును తయారు చేసెను. దెబ్బలు తినుచున్నకొలది దాని పైపొర గట్టిపడును. రాళ్లు నలుగగొట్టు యంత్రముల దవడలకును, మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటిషు సైనికుల టోపీలకును ఇది పనికి వచ్చినది. గడ్డికత్తికి మాత్రము అంత అనువైనది కాదు, పలుచని అంచు గట్టిపడకముందే ముడుచుకొనును. రెండవ ప్రపంచయుద్ధకాలమున నికెలు, క్రోమియము కరవైనప్పుడు అమెరికాలో బోరాను ఉక్కు వాడుకలోనికి వచ్చినది. లక్షలో రెండుమూడు పాళ్ల బోరాను చేర్చినంతనే, ఎర్రగా కాల్చి ముంచినప్పుడు ఉక్కు లోతువరకు గట్టిపడును. నేటి మంచి కత్తులలో చాలవరకు ఈ జాతివే. 1923లో బెర్లినులో కార్ల్ ష్రోటర్ కనుగొన్న టంగ్‌స్టన్ కార్బైడు ముక్కలను అడవిలో చెట్లు నలుగగొట్టు పెద్ద యంత్రముల సుత్తులకు అతికింతురు. ఇది అరుగుదలకు అసమానము గాని రాయి దెబ్బకు పగులును.

కావున రాతినేలకు అన్నిటికంటె గట్టి కత్తిని కొనవలెననుట పొరపాటు. వంగు కత్తి యంత్రములోనే ఉండును. విరుగు కత్తి ముక్క ఎచటికి పోవునో చెప్పలేము. 100 గ్రాముల ముక్క సెకనుకు 50 మీటర్ల వేగముతో ఎగిరినచో దాని గతిజశక్తి 125 జౌలులు. అది 5 కిలోల రాయి రెండున్నర మీటర్ల ఎత్తునుండి తలపై పడుటతో సమానము. యంత్రమునకు ఇనుపకప్పు, ముందు వెనుకల రబ్బరు లేదా గొలుసు తెరలు ఉండుట ఇందుకే. ఊగుకత్తుల యంత్రములు ఎగురవేయు వస్తువులను పరీక్షించుటకు 17101 అను సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణము కూడ కలదు.

ఈ విషయములో 2012లో ఐరోపా సంఘము తీసికొన్న నిర్ణయము ఎన్నదగినది. చేతపట్టి వాడు గడ్డికోత యంత్రములకు, అసలు కత్తికి బదులుగా, గొలుసుముక్కలు తగిలించిన బిళ్లలు అంగళ్లలో అమ్ముచుండిరి. టాంకుకు తగినది గదా, పొదకు తగదా అన్నట్లుండెను ఆ ఆలోచన. గొలుసులోని ప్రతి లంకెయు ఒక కీలు; ప్రతి కీలును అరుగును; తెగిన లంకె తూటావలె పోవును. బ్రిటనులో అట్లు ఎగిరిన లంకె తగిలి ఒకరు మరణించిరి. టాంకులో మనుషులు కవచము లోపల ఉందురు. చేతియంత్రము వాడువానికి అడ్డము చిన్న ప్లాస్టికు రేకు మాత్రమే. ఆ ఏడు జనవరిలో అట్టి బిళ్లల అమ్మకమును ఐరోపా సంఘము నిషేధించినది.

మన ప్రాంతములలో ఈ జాతి యంత్రములు పత్తికట్టె, మొక్కజొన్నచొప్ప ముక్కలు చేయుటకు ట్రాక్టర్ల వెనుక కనబడుచున్నవి. పంజాబు, హర్యానా మొదలగు ఉత్తరరాష్ట్రములలో వరిగడ్డి తగులబెట్టుటను మాన్పించుటకు 2018 నుండి కేంద్రప్రభుత్వము వీటికి రాయితీ ఇచ్చినది. తెలంగాణ చల్కా నేలలలోను, రాయలసీమ గుండ్రాతి చేలలోను కత్తులు త్వరగా చెడుట సహజమే. చెడిన కత్తికి వెల్డింగు పోయించి మరల బిగించుట చాలచోట్ల చూచుచున్నాము. ఇది చేయరాదు. వెల్డింగు వేడికి ఆ చుట్టుప్రక్కల ఉక్కు తన గట్టిదనమును కోల్పోవును, అతుకు ప్రక్కనే పెళుసుబారును. బరువు కూడ మారును. బోల్టు రంధ్రము గుండ్రదనము తప్పి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చిన కత్తిని, అంచు ఎంత బాగున్నను, తీసివేయవలసినదే. క్రొత్త కత్తులకు పాత బోల్టులు వాడరాదు. తొమ్మిది క్వింటాళ్లను మోయునది ఆ బోల్టే గదా.

కత్తులు కొన్న రోజున వాటిని కిరాణాకొట్టు ఎలక్ట్రానిక్ కాటాపై ఒక్కొక్కటిగా తూచి, బరువు సుద్దముక్కతో వాటిపైననే వ్రాసి, సమానమైనవాటిని జతలుగా ఎదురెదురు బిగించుటకు పదిహేను నిమిషములు పట్టును. వ్యవసాయపు కుటుంబములనుండి వచ్చిన తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ పనిని తామే చేయగలరు. ఒక్కొక్క జతలోని తేడాకు ఎంత బలము వచ్చునో పై లెక్క ప్రకారము కట్టగలరు కూడ.